అరుంధతి కనిపించిందా?

పాతవస్తువు కొనడంలో మన ఆడవాళ్ళకున్న అనుభవం మగవాళ్ళకి లేదంటే కాదనేవాళ్ళు ఉండరనుకుంటాను. పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చే మనిషి వాకిట్లో బుట్ట దించగానే గిన్నె మీద వేలితో కొట్టి చప్పుడు వింటాం, బోర్లించి అడుగు చూస్తాం, అంచు మీద బొటనవేలు నడిపిస్తాం. బంగారమైతే గీటురాయి ఉంది. పట్టుచీరైతే మడత విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ జీర్ణించిందో అదే చెబుతుంది. ఇవన్నీ అమ్మల దగ్గరా అత్తగార్ల దగ్గరా నేర్చుకున్నవి. అయితే వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పాడైపోయే వస్తువు కూడా ఒకటుంటుందని ఎవరూ నేర్పలేదు. దాన్ని చీకట్లోనే బేరమాడాలి. మిలటరీ వాళ్ళు రాత్రిపూట చూడ్డానికి కళ్ళకి తగిలించుకునే నైట్ విజన్ గాగుల్స్ సంగతి నేను చెప్పేది. అందులోనూ పాతవి, ఒకరు వాడి వదిలేసినవి.

మనకెందుకండీ ఆ మిలటరీ సామాను అంటారేమో. అది తెలియాలంటే ముందు మా అక్క సంగతి తెలియాలి.

మాది బందరు. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. చిన్నప్పుడు మొదటాట సినిమా చూసి ఇంటికొచ్చేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. పెద్దపిల్ల చిన్నపిల్లని ఎంత జాగ్రత్తగా నడిపించుకొస్తోందో అని వీధిలో వాళ్ళు మెచ్చుకునేవారు. నిజానికి నడిపించేది నేను. సందెవేళ దాటితే అక్కకి గుమ్మం ఎక్కడో, మెట్టు ఎక్కడో తెలిసేది కాదు. గోలేనికి తట్టుకుని ఎన్నిసార్లు పడిందో! "కళ్ళు నెత్తికెక్కాయా?" అని పెద్దవాళ్ళు చీవాట్లు పెట్టేవారు. బామ్మ మాత్రం రేచీకటే తల్లీ అని పొన్నగంటికూర పప్పూ, మునగాకు వేపుడూ నెలల తరబడి తినిపించింది. ఆ కూరలు తిని నా జుట్టు పెరిగింది గానీ అక్క చూపు మాత్రం మారలేదు.

పెళ్ళయి, కొడుకు పుట్టాక హైదరాబాదులో కంటి డాక్టరుగారు చెప్పారు. దాని పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. విటమిన్ ఏ లోపంవల్ల వచ్చే రేచీకటి వేరు, ఇది వేరు. మన కంటిలోపలి పొరలో వెలుతురుని పట్టే కణాలు రెండు రకాలట. కాస్త వెలుతురున్నా పనిచేసే రాడ్స్ ఇంచుమించు 12 కోట్లు, మంచి వెలుతుర్లో రంగులనీ అక్షరాలనీ చూపించే కోన్స్ 60 లక్షలు. ఈ జబ్బులో ముందు రాడ్స్ చచ్చిపోతాయి. అంచేత ముందు రాత్రి చూపు పోతుంది, ఆ తర్వాత పక్క చూపు తరుగుతూ వస్తుంది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య భాగమే మిగులుతుంది. నాలుగు వేలమందిలో ఒకరికి ఉంటుందని చెబుతారు. తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. మా అమ్మకి మా నాన్నగారు స్వయానా మేనమామ. ఇలాంటి దగ్గరి సంబంధాల్లో ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలుసుకునే అవకాశం ఎక్కువని డాక్టరుగారు కాగితం మీద గీతలు గీసి చూపించారు. ఇల్లు దాటని ఆస్తితోపాటు ఇదీ ఇల్లు దాటలేదన్నమాట.

అక్క ఇప్పుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కొడుకు దగ్గర ఉంటోంది. అక్కా బావగార్లిద్దరికీ అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. పగలు పుస్తకం చదువుతుంది, వంట చేస్తుంది, మన నవలల్లో తప్పులు కూడా పడుతుంది. పొద్దుగూకితే మాత్రం బావగారు చేతిదీపంతో ముందు నడవాల్సిందే. ముప్పైయేళ్ళకి పైగా ఆయన అలా నడుస్తూనే ఉన్నారు.

అక్క కొడుకు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. వాడు ఎక్కడో చదివాడు, 1973లోనే బోస్టన్‌లో ఎలియట్ బెర్సన్ అనే కంటి డాక్టరుగారి బృందం సైన్యం తయారుచేసిన రాత్రిచూపు పరికరాన్ని ఈ జబ్బున్నవాళ్ళకి ఇచ్చి చూశారని. సూత్రం సులువే. రాడ్స్ పోయినా మధ్యలో ఉన్న కోన్స్ బతికే ఉన్నాయి కదా! వాటికి కావలసింది వెలుతురు. చీకట్లో ఉన్న కాస్త వెలుతురునీ వేలరెట్లు పెంచి కంటిముందు పెడితే అవి చూడగలవు. కొత్తవి కొనాలంటే వేలకు వేల డాలర్లు. అందుకని పాతది వెతుకుతాను పిన్నీ అన్నాడు.

జీనియా అనే ఊళ్ళో ప్రతి మే నెలలోనూ హామ్‌వెన్షన్ అని రేడియోవాళ్ళ జాతర జరుగుతుంది. 1952లో డేటన్‌లో మొదలైందిట, 2017 నుంచి జీనియాకి మారింది. తిరనాళ్ళంటే తిరనాళ్ళే. మైదానం నిండా పాత రేడియోలు, వైర్లు, మిలటరీ వాళ్ళు వదిలించుకున్న సామాను. నేను వెళ్ళినప్పుడు సరిగ్గా అదే సమయమైంది. నలుగురం కారెక్కాం.

ఒకచోట బల్లమీద మూడు పరికరాలున్నాయి. మావాడు వాటిని చేత్తో ముట్టుకోకుండా ముందు వంగి చూడటం మొదలుపెట్టాడు. సంబంధం చూడ్డానికొచ్చినవాళ్ళు ముందు ఇల్లు చూసినట్టు.

మొదటిది రష్యా అక్షరాలున్నది, పక్కన బుడ్డిదీపంలాంటి లైటుతో. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఇలాంటివి బజార్లలోకి కుప్పలుగా వచ్చాయట. వీటిని మొదటి తరం అంటారు. వెలుతురుని కాస్తే పెంచగలవు. చంద్రుడు లేని రాత్రి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపం తోడుండాలి. బొమ్మ మధ్యలో బాగానే ఉండి అంచుల్లో వంకరపోతుంది. స్విచ్చి కట్టేశాక కూడా తెరమీద కాసేపు పచ్చటి మెరుపు మిగిలి ఉంటుంది. ఆ గుర్తుతో పట్టెయ్యొచ్చునట.

రెండోది తుపాకీ మీద బిగించే పొడుగాటి గొట్టం. 1960లలో వియత్నాం యుద్ధంలో వాడిన స్టార్‌లైట్ స్కోపు. అదీ మొదటి తరమే గానీ మూడు ట్యూబులు ఒకదాని వెనక ఒకటి అమర్చారు. ఒకటి పెంచిన వెలుతురుని తర్వాతది అందుకుని ఇంకా పెంచుతుంది. బరువు రెండున్నర కిలోల పైమాట. అక్క దాన్ని చూసి "ఇది పట్టుకుని నక్షత్రాలు చూస్తే మర్నాడు భుజానికి అమృతాంజనం రాయాలి" అంది.

మూడోది కళ్ళకి కట్టుకునే ముసుగులాంటిది, ముందుకి పొడుచుకొచ్చిన రెండు గొట్టాలతో. దాని పేరు ఏఎన్/పీవీఎస్-5. ఈ అక్షరాలకీ అర్థం ఉంది. పీ అంటే మనిషి మోసుకుపోయేది, వీ అంటే చూపుకి సంబంధించినది, ఎస్ అంటే వెతికేది. ఇది రెండో తరం. 1970లలో వచ్చింది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలుగా ఉన్నవాళ్ళని విడిపించబోయి విఫలమైన హెలికాప్టర్ల పైలట్లు పెట్టుకున్నవి ఇవే.

రెండో తరంలో గొప్పతనమంతా మైక్రోఛానల్ ప్లేటు అనే గాజు బిళ్ళలో ఉంది. అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు గానీ అందులో పదిలక్షలకి పైగా రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటి సెంటీమీటరులో వెయ్యోవంతు. వెలుతురు ముందు ఒక పొరమీద పడి ఎలక్ట్రాన్లుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాను రంధ్రంలో దూరి గోడకి తగిలినప్పుడల్లా మరికొన్నిటిని లేపుతుంది. అవి మళ్ళీ గోడలకి తగిలి ఇంకొన్నిటిని లేపుతాయి. ఒకటిగా వెళ్ళింది వేలుగా బయటికొచ్చి పచ్చగా మెరిసే తెరమీద పడి బొమ్మ కడుతుంది. ఆ పచ్చదనం ఎందుకంటే మన కంటికి బాగా ఆనే రంగు అదేనట. ఇంతా చేసి బొత్తిగా వెలుతురన్నదే లేని గదిలో ఇది కూడా గుడ్డిదే. పెంచడానికి ఏదో ఒకటి ఉండాలిగా! సినిమాల్లో మనుషులు ఎర్రగా పచ్చగా కనిపించే పరికరం వేరు, అది ఒంటి వేడిని చూస్తుంది.

మావాడు పరీక్ష మొదలుపెట్టాడు. ముందు రేకుబిళ్ళ. దానిమీద పదమూడంకెల నంబరు 5855తో మొదలైతే అమెరికా సైన్యం సరుకుల లెక్కలో రాత్రిచూపు సామాను అని గుర్తు. కింద కాంట్రాక్టు నంబరులో నడిమి రెండంకెలు కొన్న సంవత్సరం. మా దాంట్లో 82 అని ఉంది. బిళ్ళ కొత్తగా మెరుస్తూ మేకులు మాత్రం తుప్పుపట్టి ఉంటే అనుమానించాలి. బిళ్ళ నిజమైనదైనా లోపలి ట్యూబులు తర్వాత మార్చి ఉండొచ్చు. చెంబు ఒకరిదీ మూత ఒకరిదీ అయినట్టు ఇలాంటివి చాలా కలగలుపులే ఉంటాయిట.

తర్వాత బ్యాటరీ అర. మూత తిప్పి లోపల తెల్లటి పొక్కులూ పచ్చటి చిలుమూ ఉన్నాయేమో చూశాడు. బ్యాటరీ వదిలేసి ఏళ్ళ తరబడి పెట్టెలో పడేస్తే అలా అవుతుంది. మన టార్చిలైట్లలో చూడమూ! ఈ గాగుల్స్‌కి అప్పట్లో పాదరసం బ్యాటరీ వాడేవారు. అమెరికాలో 1996లో చట్టం చేసి వాటిని మాన్పించేశారు. అంచేత మామూలు బ్యాటరీలు పట్టే ఎడాప్టరు ఉందో లేదో అడగాలి. లేకపోతే దీపం కొని నూనె దొరకని ఊరికి వెళ్ళినట్టే.

ఇక అసలు పరీక్ష. పట్టపగలు మూత తీసి స్విచ్చి వేస్తే ట్యూబు పాడవుతుంది. కొన్నింటి మూతలకి సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది, పగలు దాంట్లోంచే చూడాలి. అమ్మే పెద్దాయన మంచివాడు. తన వ్యాను వెనకభాగంలో నల్లగుడ్డలు కట్టి చీకటిగది తయారుచేశాడు. లోపలికి పంపేముందు ఒక ప్రశ్న వేశాడు, మీరంతా అమెరికా పౌరులేనా అని. 1976 నాటి ఆయుధాల ఎగుమతి చట్టం కింద ఇలాంటివాటిని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. పరాయి దేశస్థుల చేతికివ్వడానికి కూడా అమ్మేవాళ్ళు ఒప్పుకోరు. నాది విజిటర్ వీసా. మడికట్టుకున్నవాళ్ళకి దూరంగా నిలబడ్డట్టు హాండ్‌బాగులు పట్టుకుని బయట నిలబడ్డాను. నవ్వొచ్చింది కూడా. మా బందర్లో 1926 నుంచీ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఉండేది, స్కూళ్ళకీ కాలేజీలకీ సైన్సు పరికరాలు చేసేది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. మన సైన్యానికి రాత్రిచూపు పరికరాలు అక్కడే తయారవుతాయి. మా ఊరి సరుకు లాంటి సరుకే, నేను ముట్టుకోకూడదు!

గుడ్డల వెనకనుంచి మావాడి మాటలు వినిపిస్తున్నాయి.

"మచ్చలేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఎడమ పక్కదాంట్లో పైన ఆవగింజంత ఉందిరా."

"తల అటూ ఇటూ తిప్పు. మచ్చ కదులుతోందా?"

"లేదు, అక్కడే ఉంది."

కదలకుండా ఒకేచోట ఉంటే అది బయటి వస్తువు కాదు. కంటిదగ్గరి అద్దం మెత్తటి గుడ్డతో తుడిచినప్పుడు పోతే దుమ్ము, పోకపోతే ట్యూబులోనిది. నల్లమచ్చ అంచున ఉంటే ముఖంమీద పుట్టుమచ్చ లాంటిది, చూపుకి అడ్డం కాదు. నడిమధ్య ఉంటే మాత్రం ఆలోచించాలి. నల్లమచ్చలకంటే మెరిసే చుక్కలు, అంచు చుట్టూ వెలుగు, బొమ్మ వెలిగి ఆరడం ప్రమాదకరం. ఎవరో గట్టి లైటు వైపు చూసి ట్యూబు కాలిపోతే ఆ లైటు ఆకారం మచ్చగా ఉండిపోతుంది. బాగా చీకట్లో బొమ్మమీద ఇసుక చల్లినట్టు రేణువులు ఆడటం సహజమే, ఓ మాదిరి వెలుతుర్లో కూడా అలాగే ఉంటే ట్యూబు ముసలిదైపోయిందని అర్థం. చివరగా ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి రెండు ట్యూబుల వెలుగూ సమానమేనా అని చూడాలి. ట్యూబుకి ఆయుష్షు గంటల్లో లెక్క. రెండో తరం వాటికి రెండువేల గంటలు దాటితే పెద్దవయసే. ఎన్ని గంటలు వాడారో చెప్పే మీటరు మాత్రం దీనికి లేదు. అందుకే ఇన్ని పరీక్షలు.

ఎడమది కుడిదానికంటే కాస్త మందంగా ఉందని తేలింది. పెద్దాయన తొమ్మిది వందలన్నాడు. అక్క ఎంత అమెరికాలో ఉన్నా బందరు కోనేరు సెంటర్లో బేరాలు నేర్చిన మనిషి. ఆవగింజ మచ్చ సంగతీ, మందమైన ఎడమకంటి సంగతీ ఎత్తి, ముఖంమీద పట్టీ రబ్బరు చీలిన సంగతి కూడా కలిపి ఏడువందల ఇరవై అయిదుకి తెచ్చింది. ఎడాప్టరు పైన వేయించుకుంది.

ఆ రాత్రి పదిన్నరకి పెరట్లో వాలుకుర్చీ వేశాం. మే నెలలో అక్కడ చీకటి పడేటప్పటికి ఆ వేళవుతుంది. ముసుగు కట్టుకుని రెండు గొట్టాలు ముందుకు పొడుచుకొచ్చి అక్క ఏదో పౌరాణిక నాటకంలో వేషంలా ఉంది. అందరం నవ్వాం. స్విచ్చి వేశాక నవ్వు ఆగిపోయింది.

"ఏమిట్రా ఇవన్నీ?" అంది అక్క. "పోపులో ఆవాలు చిటపటలాడినట్టు... ఇన్నా?"

చందమామనీ, శుక్రుడినీ తప్ప ఆకాశంలో మరేదీ చూసి ఎరగదు మా అక్క. నక్షత్రాలు ఆమెకి కథల్లో చదివినవే. పరికరంలో కనిపించేది 40 డిగ్రీల మేర, అందులో అక్కకి మిగిలిన చూపు ఇంకా తక్కువ. కొడుకు ఆమె గడ్డం పట్టుకుని తల కొద్దికొద్దిగా తిప్పుతూ సప్తర్షుల తోకదాకా తీసుకెళ్ళాడు. "తోకలో మధ్యది చూడమ్మా, అది వశిష్ఠుడు. దాన్నానుకుని చిన్న చుక్క ఉందా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉంది" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

కాసేపటికి బావగారి వైపు తిరిగి నెమ్మదిగా, "మన పెళ్ళిలో కనిపించిందని చెప్పాను. అబద్ధం. కనిపించలేదంటే ఏమనుకుంటారోనని..." అంది.

అక్కది రాత్రి ముహూర్తం. పురోహితులు వేలు చూపించగానే అక్క తలూపడం నాకూ గుర్తే. ఇరవై ఏళ్ళ పిల్ల, నిండు పందిట్లో, ఎదురుగా అత్తవారు. కనిపించలేదని ఎలా అంటుంది? చిన్నప్పటినుంచీ కనిపించలేదన్నందుకు చీవాట్లు తిన్న పిల్ల.

బావగారు చేతిదీపం అలవాటుగా నొక్కబోయి ఆగిపోయారు. "నాకు మాత్రం కనిపించిందా ఏమిటి! హోమం పొగకి కళ్ళు మండిపోయి నీళ్ళు కారుతున్నాయి. నువ్వు ఊఁ అన్నావని నేనూ ఊఁ అన్నాను" అన్నారు.

అది నిజమో, అక్కకోసం అన్న మాటో నేనడగలేదు. అక్క కూడా అడగలేదు.

ఈ పరికరంతో అక్క జబ్బు నయమైపోయిందనుకోకండి. రెండు కళ్ళముందు గొట్టాలు పెట్టుకుని మెట్లు దిగితే లోతు తెలియదు, పడిపోతారు. వీధి దీపాలు ఎదురైతే బొమ్మంతా వెలుగు కమ్మేస్తుంది. తలమీద ముప్పావుకిలో పైన బరువు, అరగంటకి మెడ పట్టేస్తుంది. అక్క దాన్ని పెరట్లో కూర్చుని ఆకాశం చూడ్డానికే వాడుతోంది, అదీ బ్యాటరీ లెక్కచూసుకుని. వంటింట్లోంచి పెరట్లోకి ఇప్పటికీ బావగారి దీపం వెనకే నడుస్తుంది.

కానీ మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక పిల్ల సందెవేళ గడపకి తట్టుకుంటూ ఉంటే, సినిమాహాల్లో చీకట్లో కుర్చీ వెతుక్కోలేక మీ కొంగు పట్టుకుంటే, దయచేసి కోప్పడకండి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. విటమిన్ లోపమైతే మందుతో తగ్గిపోతుంది. పుట్టుకతో వచ్చినదైతే అదీ తెలుస్తుంది. అందులో ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికి మాత్రం 2017లో అమెరికాలో జన్యుచికిత్సకి అనుమతి వచ్చింది. మిగిలినవాటికి పరిశోధన జరుగుతోంది. చికిత్స ఉన్నా లేకపోయినా, ఏ చదువు చదవాలో, ఏ ఉద్యోగం చెయ్యాలో, పెళ్ళిమాటల్లో ఏం చెప్పాలో ముందుగా ఆలోచించుకునే వ్యవధి ఆ పిల్లకి దక్కుతుంది.

పెళ్ళిపందిట్లో ఎవరైనా అరుంధతి కనిపించిందా అని అడిగినప్పుడు, లేదండీ అని ధైర్యంగా చెప్పుకునే చనువు కూడా ఇద్దాం. పగలు పదింటి ముహూర్తాలకి కూడా అందరూ కనిపించిందనే అంటున్నారు కదా!